అకరోవా: జరగని పందెం, మిగలని ఫ్రెంచి

పోయిన ఎపిసోడ్ విన్నవాళ్ళకి ముందుగా ఒక మాట. అకరోవా గురించి చెబుతూ నేను "నాలుగు రోజులు ఆలస్యమవడం వల్ల ఫ్రెంచివాళ్ళు ఒక దేశాన్నే పోగొట్టుకున్నారు" అన్నాను. ఆ ముక్క చాలామందికి నచ్చింది, కొందరు వాట్సాప్‌లో కూడా పంచుకున్నారు. నచ్చింది గానీ, అది నిజం కాదు. రికార్డింగ్ అయ్యాక మళ్ళీ ఆ ఊరు వెళ్ళి, మ్యూజియంలో సగం పూట గడిపి, తేదీలన్నీ ఒకదాని పక్కన ఒకటి రాసుకుంటే నాకే సిగ్గేసింది. అందుకే ఈసారి ట్రాన్‌స్క్రిప్ట్‌తో పాటు ఈ వ్యాసం. దిద్దుబాటు అనుకోండి.

ఊరు తెలియనివాళ్ళ కోసం. క్రైస్ట్‌చర్చ్ నుంచి 80 కిలోమీటర్ల దాకా ఉంటుంది, గంటన్నర ప్రయాణం. లిటిల్ రివర్ దాటాక రోడ్డు మెలికలు తిరుగుతూ కొండెక్కుతుంది. హిల్‌టాప్ దగ్గర మలుపు తిరగ్గానే కింద నీలంగా పొడుగాటి రేవు కనిపిస్తుంది. అదంతా ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతం. ఆ నోట్లోకి సముద్రం వచ్చి చేరింది. 1770లో కెప్టెన్ కుక్ దూరం నుంచి చూసి దీన్ని దీవి అనుకున్నాడు. కాదు, ద్వీపకల్పం. ఇంగ్లీషులో బ్యాంక్స్ పెనిన్సులా. మావోరీలో తె పాతక ఓ రాకైహౌతు, అంటే రాకైహౌతు గారి ధాన్యపు కొట్టు లాంటి అర్థం. తిండికి కొదవలేని చోటు అన్నమాట.

అకరోవా అనే పేరు కూడా మావోరీదే. ఉత్తరాన అయితే ఫంగరోవా అంటారు: పొడుగాటి రేవు. దక్షిణ దీవిలో ఉండే న్గాయ్ తహు వాళ్ళ యాసలో "న్గ" అనే ధ్వని "క" అవుతుంది. వాళ్ళ పేరే వాళ్ళ నోట కాయ్ తహు. అంటే ఈ ఊరి పేరులో ఉన్నది ఒక భాష మాత్రమే కాదు, ఒక యాస. శ్రీకాకుళం యాసలో పలికినట్టే ఒక ఊరి పేరు అచ్చులో స్థిరపడిపోతే ఎలా ఉంటుందో అలాగ. నాకైతే ఇది ఊళ్ళో అన్ని ఫ్రెంచి బోర్డులకన్నా ముచ్చటగా అనిపించింది.

బోర్డుల విషయానికొస్తే, వీధి వీధికీ ఫ్రెంచి పేరే. ర్యూ లావో, ర్యూ జోలీ, ర్యూ బాల్గెరీ. ర్యూ అంటే వీధి. ఈసారి మా అమ్మ కూడా మాతో వచ్చింది. ఆవిడ పుట్టిల్లు తాళ్ళరేవు దగ్గర, అంటే యానాం పక్కనే. మా వాడు బోర్డు చదివి "మామ్మా, ఇక్కడ అందరికీ ఫ్రెంచి వచ్చా?" అని అడిగాడు. ఆవిడ "యానాంలో ఎవరికొచ్చురా, ఇక్కడ రావడానికి" అనేసి ముందుకెళ్ళిపోయింది. నేను కాఫీ కొట్టులో దారి అడిగితే ఆ అమ్మాయి "రూ లావాడ్" అంది. ఫ్రెంచి అక్కడికి సరి.

ఇక పందెం కథ. ఊళ్ళో ఎవర్ని అడిగినా చెప్పేది ఇదీ: 1840లో ఇంగ్లీషు ఓడ, ఫ్రెంచి ఓడ పోటీపడి అకరోవాకి పరుగెత్తాయి, ఇంగ్లీషువాళ్ళు ముందు చేరి జెండా పాతేశారు, లేకపోతే దక్షిణ దీవి ఇవాళ ఫ్రాన్సుది అయ్యుండేది. తేదీలు చూస్తే నిజమే అనిపిస్తుంది. ఓవెన్ స్టాన్లీ నడిపిన బ్రిటొమార్ట్ ఓడ ఆగస్టు 10న రేవులోకి వచ్చింది. 11న గ్రీన్స్ పాయింట్ అనే చోట జెండా ఎగరేసి, కోర్టు కూడా నడిపారు. కెప్టెన్ లావో యుద్ధనౌక లోబ్ 15న వచ్చింది. వలస కుటుంబాలతో కోంత్ ద పారీ అనే ఓడ 18న. నాలుగు రోజులు, ఏడు రోజులు. సినిమాకి సరిపోయే కథ.

ఇప్పుడు అంతకుముందు తేదీలు చూడండి. ఫిబ్రవరి 6న ఉత్తరాన వైతాంగి ఒప్పందం మీద సంతకాలయ్యాయి. మే 21న గవర్నర్ హాబ్సన్ దేశమంతా బ్రిటిష్ రాణిదేనని ప్రకటించేశాడు. మే 30న ఒప్పందం కాగితాన్ని హెరాల్డ్ ఓడ మీద మేజర్ బన్‌బరీ అకరోవా రేవుకే తీసుకొస్తే, ఊరికి దక్షిణంగా ఉన్న ఓనుకు దగ్గర ఇద్దరు పెద్దలు సంతకం చేశారు. అప్పటికి ఫ్రెంచి ఓడలు ఇంకా సముద్రంలోనే ఉన్నాయి. జులైలో లావో ఉత్తరాన బే ఆఫ్ ఐలాండ్స్‌లో ఆగినప్పుడే సంగతంతా ఆయనకి తెలిసిపోయింది. తెలిసే వచ్చాడు. ఆగస్టు జెండా అనేది అప్పటికే అయిపోయిన పెళ్ళికి ఫోటో తీయించుకోవడం లాంటిది. వలస వచ్చినవాళ్ళు వాళ్ళ జెండా ఎగరేసి గొడవ చేయకుండా ముందు జాగ్రత్త, అంతే. లావో, ఇంగ్లీషు మేజిస్ట్రేటు రాబిన్సన్ ఆ తర్వాత కొన్నేళ్ళు ఒకే ఊళ్ళో సర్దుకుని బతికారు. ఫ్రెంచి నౌకాదళం 1846 దాకా ఇక్కడ ఉంది.

మే 30న సంతకం పెట్టిన ఇద్దరిలో ఒకాయన పేరు హోనె తికావో. రెండో ఆయన ఇవికౌ. తికావో తిమింగలాల వేట ఓడల మీద ఐరోపా దాకా వెళ్ళొచ్చిన మనిషి. ఇంగ్లీషూ ఫ్రెంచీ రెండూ వచ్చు. అంటే ఈ "రెండు భాషల ఊళ్ళో" నిజంగా ఆ రెండూ తెలిసినవాడు, పైగా మూడోది సొంత భాషగా ఉన్నవాడు, ఒక మావోరీ పెద్ద. వీధులకి మాత్రం లావో పేరుంది, కంపెనీకి డబ్బు పెట్టిన బోర్దో వర్తకుల పేరుంది.

అసలు ఫ్రెంచివాళ్ళు ఎందుకొచ్చారంటే, లాంగ్ల్వా అనే తిమింగలాల వేట కెప్టెన్ 1838 ఆగస్టులో ఈ ద్వీపకల్పాన్ని కొన్నానన్నాడు. మొత్తం ధర 1,000 ఫ్రాంకులు. బయానా కింద ఇచ్చిన సరుకు 150 ఫ్రాంకుల విలువ చేసేది: ఒక ఉన్ని కోటు, ఆరు జతల నార పంట్లాలు, ఒక డజను వాన టోపీలు, ఒక పిస్తోలు, ఇలాంటివి. మిగతా డబ్బు తర్వాత. ఆ కాగితం పట్టుకుని ఫ్రాన్సు వెళ్ళి, నాంత్, బోర్దో వర్తకులతో కలిసి నాంతో-బోర్దలేజ్ అనే కంపెనీ పెట్టించాడు. మన దగ్గర ఊరి చివర పొలాలకి "బై నంబర్లు" వేసి ప్లాట్లు అమ్మేవాళ్ళు గుర్తొచ్చారు నాకు. వచ్చిన ప్రతి మగవాడికీ 5 ఎకరాలు ఇస్తామన్నారు, ఐదేళ్ళలో అడవి కొట్టి బాగుచేసుకోవాలి. అరవై మందికి కాస్త అటూ ఇటూగా బయల్దేరారు. అందులో జర్మన్లు కూడా కొందరున్నారు. వాళ్ళని పక్క ఖాతంలో దించారు. అది జర్మన్ బే అయింది. మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో, 1916లో, ఆ పేరు తీసేసి మళ్ళీ మావోరీ పేరు తకమతువా పెట్టారు. మావోరీ మీద ప్రేమతో కాదు, జర్మన్ మీద కోపంతో.

ఈ లెక్క మాత్రం తీరిగ్గా చూడండి. 1849లో ఆ ఫ్రెంచి కంపెనీ తన హక్కులన్నీ న్యూజీలాండ్ కంపెనీకి 4,500 పౌన్లకి అమ్మేసింది. అదే ద్వీపకల్పానికి అసలు సొంతదారులైన న్గాయ్ తహు వాళ్ళకి ప్రభుత్వం ఇచ్చింది మూడు విడతలు: లిటిల్‌టన్ రేవు వైపు 200 పౌన్లు, పోర్ట్ లెవీ వైపు 300, 1856లో అకరోవా వైపు 150. కలిపితే 650. బయానా మాత్రమే ఇచ్చినవాడి వాటా దాదాపు ఏడు రెట్లు ఎక్కువ. పందెం కథలో ఇద్దరే ఆటగాళ్ళు ఉంటారు కదా, ఈ 650 పౌన్ల సంగతి అందులో పట్టదు. నేను ఎపిసోడ్‌లో చేసిన తప్పు తేదీల్లో కన్నా ఇక్కడే ఎక్కువ.

ఇంకో చోటు ఉంది, దాని గురించి ఎపిసోడ్‌లో ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. జెండా పాతిన గ్రీన్స్ పాయింట్‌ని ఆనుకునే, తకపూనెకె.

మీలో రగ్బీ చూసేవాళ్ళకి ఆల్ బ్లాక్స్ ఆట ముందు వేసే "క మతే" హాకా తెలుసు. అది కట్టినాయన తె రౌపరహా, ఉత్తర దీవిలోని న్గాతి తోవా తెగ నాయకుడు. 1830 నవంబరులో ఆయన వందమందికి పైగా యోధులతో ఎలిజబెత్ అనే ఇంగ్లీషు ఓడ అడుగున దాక్కుని ఈ రేవులోకి వచ్చాడు. ఓడ కెప్టెన్ స్టువర్ట్‌కి కూలీ కింద జనపనార లాంటి నార సరుకు ఇస్తానని ఒప్పందం. వ్యాపారం మాట్లాడదాం రమ్మని న్గాయ్ తహు పెద్ద తమైహరనుయిని ఓడ మీదికి పిలిపించి పట్టుకున్నారు. భార్యనీ కూతుర్నీ కూడా పట్టుకున్నారు. తర్వాత ఊరి మీద పడి, దొరికినవాళ్ళని చంపి, తగలబెట్టారు. కూతురు బానిసగా బతకకూడదని తల్లిదండ్రులే ఆ పిల్ల ఊపిరి తీశారు. ఆయన్ని కాపిటి దీవికి తీసుకెళ్ళి చంపేశారు. పాత పగలు చాలా ఉన్నాయి, న్గాయ్ తహు వైపు కూడా చేతులు శుభ్రంగా ఏమీ లేవు. కానీ ఒక ఇంగ్లీషు ఓడ కిరాయికి హత్యలు మోసింది. ఆ కెప్టెన్‌కి శిక్ష పడలేదు. ఈ కుంభకోణం లండన్ దాకా వెళ్ళింది. బ్రిటిష్ వాళ్ళు జేమ్స్ బస్బీని రెసిడెంటుగా పంపడానికి ఇదొక కారణం. ఆయన 1833లో వచ్చాడు, ఆ దారిలోనే ఏడేళ్ళకి వైతాంగి ఒప్పందం వచ్చింది. అంటే అకరోవాలో జెండా కథ 1840 ఆగస్టులో మొదలు కాలేదు. పదేళ్ళ ముందు పక్క ఖాతంలోనే మొదలైంది.

ఆ చోటుని తర్వాత ఏం చేశారో కూడా చెప్పాలి. పశువుల మేత. 1960ల్లో మురుగునీటి శుద్ధి కేంద్రం. ఆ తర్వాత చెత్తకుప్ప. గ్రీన్స్ పాయింట్‌లో జెండా ఎగరేసిన చోట మాత్రం విక్టోరియా రాణి వజ్రోత్సవం గుర్తుగా 1898లోనే రాతి స్తంభం నిలిపారు. వంద గజాలకి ఇంత తేడా. తకపూనెకెని చారిత్రక స్థలంగా ప్రకటించింది 2010లో. ఇప్పుడు అక్కడ చెక్కిన పొడుగాటి కొయ్య స్తంభం ఉంది, తమైహరనుయి పేరిట. మా అమ్మ అక్కడ చాలాసేపు మాట్లాడకుండా నిలబడింది. నేను కథ చెప్పాను కాబట్టి కాదులెండి, మోకాళ్ళ నొప్పి. కానీ దిగేటప్పుడు "ఆ పిల్ల పేరేంట్రా?" అని అడిగింది. న్గా రొయిమత. ఆ మాటకి కన్నీళ్ళు అని అర్థం.

ఇక ఫ్రెంచి భాష ఏమైంది? గొడవేమీ లేదు, నిషేధమూ లేదు. 1850లో ఇంగ్లీషువాళ్ళు క్రైస్ట్‌చర్చ్‌కి వేలల్లో దిగడం మొదలైంది. బడి ఇంగ్లీషు, కోర్టు ఇంగ్లీషు, వెన్న అమ్ముకునే సంత ఇంగ్లీషు. మొదటి తరం ఇంట్లో ఫ్రెంచి మాట్లాడుకుంది, రెండో తరానికి అర్థమైంది, మూడో తరానికి ఇంటిపేరు మిగిలింది. లెలీవ్ర్ లాంటి ఇంటిపేర్లు ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఉన్నాయి. ఊరి పైన కొండ మీద పాత ఫ్రెంచి శ్మశానం ఉంది. చెక్క శిలువలు చీకిపోయాయి. 1925లో పాతవన్నీ తీసేసి మధ్యలో ఒకే స్మారకం కట్టారు. ఎవరు ఎక్కడున్నారో ఇప్పుడు వెతకడం కష్టం. వీధులకి మాత్రం పేర్లు బాగా నిగనిగలాడుతున్నాయి. ఇంగ్లీషు కాలపు పాత పత్రికల్లో ఇదే వీధి "లావో స్ట్రీట్" అని కనిపిస్తుంది. మాట్లాడేవాళ్ళు పోయాక ఫ్రెంచి మళ్ళీ బోర్డెక్కింది, టూరిస్టుల కోసం.

ఉత్తర దీవిలో 1872లో డేన్లు, నార్వేవాళ్ళు, స్వీడన్‌వాళ్ళు అడవి కొట్టి కట్టుకున్న నార్స్‌వుడ్, డానివర్క్ ఊళ్ళది కూడా ఇదే కథ. అక్కడా భాష పోయి వైకింగ్ బొమ్మలు మిగిలాయి. దీనికి ఎదురు ఉదాహరణ కావాలంటే ఆ నార్డిక్ దేశాలకే వెళ్ళాలి. ఫిన్లాండ్ తీరంలో పోర్వో అనే పాత ఊరుంది, నది ఒడ్డున ఎర్ర రంగు చెక్క గోదాములతో. స్వీడిష్‌లో దాని పేరు బోర్యో. అక్కడ వీధి బోర్డు మీద రెండు పేర్లుంటాయి, ఫిన్నిష్‌లో ఒకటి, స్వీడిష్‌లో ఒకటి. అది అలంకారం కాదు, చట్టం. ఒక మునిసిపాలిటీలో తక్కువ సంఖ్యలో ఉన్న భాషవాళ్ళు 8 శాతం గానీ 3,000 మంది గానీ ఉంటే ఆ ఊరు రెండు భాషలదే. బడి, ఆఫీసు, ఆసుపత్రి రెండు భాషల్లోనూ నడవాలి. బోర్డు కింద బడి ఉంటే భాష బతుకుతుంది. అకరోవాలో బోర్డు కింద కాఫీ కొట్టు ఉంది.

మన యానాం ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంది. పరాసులు 1723లో వచ్చారు, 1954లో పోయారు. రెండొందల ఏళ్ళకి పైగా రిజిస్ట్రారు ఆఫీసులో ఫ్రెంచి, వీధిలో తెలుగు. రెండోది ఒక్కనాడూ కదల్లేదు, ఎందుకంటే అది ఊరి జనం భాష. గోదావరి జిల్లాల్లో యానాం అనగానే ఫ్రెంచి గుర్తొచ్చేవాళ్ళు తక్కువ, మందు చవక అని గుర్తొచ్చేవాళ్ళే ఎక్కువ, అది వేరే సంగతి. ఇంకో ముచ్చట. న్యూజీలాండ్ చూసిన మొదటి ఫ్రెంచి ఓడ సెయింట్ జాన్ బాప్తిస్త్. దాని కెప్టెన్ ద సుర్విల్ 1769లో బెంగాల్‌లో బయల్దేరి, మచిలీపట్నంలోనూ యానాంలోనూ ఆగి సరుకు ఎక్కించుకుని, పుదుచ్చేరి మీదుగా వచ్చాడు. ఆ డిసెంబరులో ఉత్తర దీవి కొసన డౌట్‌లెస్ బేలో లంగరేశాడు. ఓడలో భారతీయ నావికులు ఉన్నారు, చాలామంది దారిలోనే స్కర్వీతో చనిపోయారు. ఈ దేశం తీరం చూసిన మొదటి మనవాళ్ళు వాళ్ళే. సుర్విల్ పోతూ పోతూ, పడవ దొంగిలించారన్న కోపంతో రంగినుయి అనే మావోరీ పెద్దని ఎత్తుకెళ్ళాడు. ఆయన సముద్రంలోనే పోయాడు. ఆ తర్వాత పదిహేను రోజులకి పెరూ తీరంలో సుర్విల్ కూడా నీళ్ళలో మునిగి చచ్చాడు. ఆ ఓడ గోదాములో మచిలీపట్నం నేత ఉందో లేదో నాకు ఎప్పటికైనా చూడాలని ఉంది.

వెళ్ళేవాళ్ళకి చూడాల్సినవి. మ్యూజియం ఆవరణలోనే లాంగ్ల్వా-ఎతెవెనో ఇల్లు ఉంది, 1840ల నాటిది, దేశంలో మిగిలిన అతి పాత ఇళ్ళలో ఒకటి. రెండు గదుల చిన్న ఇల్లు, కిటికీ తలుపులు ఫ్రెంచి పద్ధతిలో. లైట్‌హౌస్ 1880లో రేవు మొగలో కట్టింది. 1980లో ముక్కలుగా విప్పి ఊళ్ళోకి తెచ్చి నిలబెట్టారు. హెక్టర్స్ డాల్ఫిన్లు చూడ్డానికి పడవలున్నాయి, పిల్లలుంటే తప్పదు, ముందే బుక్ చేసుకోండి. దారిలో బారీస్ బేలో చీజ్ దొరుకుతుంది.

కానీ మీరు ఊరి చివర ఆగిపోకుండా సముద్రం పక్కన రోడ్డు పట్టుకుని ఓనుకు దాకా వెళ్ళండి, ఐదు కిలోమీటర్లు. 1878 నాటి చిన్న చెక్క చర్చి ఉంది. పక్కన మరై. 1998 నవంబరు 29న అప్పటి ప్రధాని జెన్నీ షిప్లీ ప్రభుత్వం తరఫున న్గాయ్ తహు వాళ్ళకి క్షమాపణ చదివింది ఇక్కడే. ఆ ఏడాది పరిష్కారంలో 17 కోట్ల డాలర్లతో పాటు 88 స్థలాల పేర్లు కూడా ఉన్నాయి. వాటిలో చాలాచోట్ల ఇప్పుడు రెండు పేర్లు. 2000లో న్గాయ్ తహు వాళ్ళు ఇంకో పని మొదలుపెట్టారు: ఇరవై ఐదేళ్ళలో వెయ్యి ఇళ్ళలో మావోరీ మాట్లాడాలని. బడుల్లో కాదు, ఇళ్ళలో. వంటింట్లో, కారులో, పిల్లల్ని పడుకోబెట్టేటప్పుడు. ఈ పేరా రాస్తుంటే మా వాడు పక్కగదిలోంచి నన్ను ఇంగ్లీషులో పిలిచాడు, నేనూ ఇంగ్లీషులోనే పలికాను.

అన్నట్టు, వార్ఫ్ మీద నిలబడితే ఎదురుగా గూని ఉన్నట్టు ఒక కొండ కనిపిస్తుంది. ఫ్రెంచివాళ్ళు దానికి మౌంట్ బోస్యూ అని పేరు పెట్టారు, గూని కొండ. మావోరీలో తుహిరకి. దక్షిణ దీవిలోని సరస్సులన్నీ తవ్విన రాకైహౌతు పనయ్యాక తన తవ్వుకోలని పాతిపెట్టిన చోటు అది. మా వాడికి బడిలో చెప్పారట, వాడే మాకు చెప్పాడు.

ఒక్క జాగ్రత్త. తకపూనెకె పవిత్రంగా చూసే చోటు. అక్కడ గడ్డి మీద కూర్చుని పులిహోర పొట్లాలు విప్పకండి. అందుకు వార్ఫ్ పక్కన బోలెడు చోటుంది, సీగల్స్‌తో మాత్రం జాగ్రత్త. మా దద్దోజనం సగం అవే తిన్నాయి.